ఉడతా సాయం

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో పందెం జరిగింది. కోడిపందెం కాదు లెండి, కంగారుపడకండి. పన్నెండేళ్ళ మా అబ్బాయికీ నలభయ్యారేళ్ళ నాకూ మధ్య, రెండు నింటెండో స్విచ్‌ల మీద జరిగిన పోకెమాన్ పందెం. షరతు నేనే పెట్టాను. నేను గెలిస్తే వేసవి సెలవులదాకా ఆ యంత్రం నా బీరువాలో ఉంటుంది. వాడు గెలిస్తే ఆ ఆట గురించి నేనిక నోరెత్తకూడదు. సాక్షి, భీమవరం నుంచి ఆరునెలలకని వచ్చిన మా నాన్నగారు.

నేను ఇంజనీరుని. రెండు దశాబ్దాలుగా అంకెలతోనే అన్నం తింటున్నవాణ్ణి. పిల్లల ఆటలో ఓడతానా అనుకున్నాను. ఓడాను. అదీ మూడు నిమిషాల్లో. ఎలా ఓడానో చెప్పుకోవడం సిగ్గుచేటే అయినా, మన పిల్లలు గంటలకొద్దీ ఆడే ఆటలో ఏముందో తెలుసుకోవడం మన పెద్దవాళ్ళకి మంచిదనిపించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

అసలేమిటీ ఆట?

జపాన్ దేశస్థుడు సతోషి తజిరికి చిన్నతనంలో పురుగులు పట్టి పోగుచేసే సరదా ఉండేదట. ఆ సరదాలోంచి పుట్టిన ఆట పోకెమాన్. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో గేమ్ బాయ్ మీద మొదలై, 1998లో అమెరికా చేరింది. అప్పుడు 151 జీవులుండేవి. ఇప్పుడు వెయ్యి దాటాయి. ఆడేవాడు జీవుల్ని పట్టుకుని, పెంచి, తర్ఫీదిచ్చి, ఆరింటిని జట్టు కట్టి ఎదుటి జట్టుతో తలపడతాడు. దెబ్బతిన్న జీవి చచ్చిపోదు. సొమ్మసిల్లుతుంది, వైద్యం చేస్తే లేచి కూర్చుంటుంది. మన కోడిపందానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే.

ప్రతి జీవికీ పుట్టుకతో ఆరు అంకెలుంటాయి. ప్రాణశక్తి, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం. ఆ ఆరూ కూడితే ఒక మొత్తం వస్తుంది. నా కంటికి ఆనింది ఆ మొత్తమే. కాలేజీకి వెళ్ళిపోయిన మా అమ్మాయి తన పాత స్విచ్‌లో పెంచి వదిలేసిన జీవులన్నిటినీ ఒక పట్టికలో వేశాను. మొత్తాన్నిబట్టి పైనుంచి కిందకి పేర్చాను. మొదటి ఆరింటికి గీత గీశాను. స్లేకింగ్ 670. డ్రాగనైట్, టిరానిటార్, సాలమెన్స్, గార్చాంప్, హైడ్రైగన్, ఒక్కొక్కటీ 600. మెరిట్ లిస్టు తయారైంది. అడ్మిషన్లు పూర్తయ్యాయి!

మా వాడి జట్టులో అన్నిటికన్నా ముందు కనిపించింది ఒక ఉడుత. పేరు పాచిరిసు. విద్యుత్తు ఉడుత అన్నమాట. దాని మొత్తం 405. దాడి 45.

"ఇదేం పోట్లాడుతుందిరా, పాపం!" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

తాతయ్య అడిగిన ప్రశ్న

ఆటకి ముందు ఇరుపక్షాలకీ ఎదుటివాళ్ళ ఆరు జీవులూ కనిపిస్తాయి. అవి చూసుకుని ఆరింట్లో నాలుగింటిని ఎంచుకోవాలి. బరిలో ఒక్కోవైపు రెండేసి జీవులు నిలబడతాయి. ప్రపంచ పోటీల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ఇదే. యుద్ధం మధ్యలో జీవి రకాన్ని మార్చే టెరా అనే వెసులుబాటు కూడా 2022లో వచ్చిన ఆటల్లో ఉంది గాని, నాకు కొత్త కనుక అది వద్దనుకున్నాం.

నాన్నగారు కళ్ళద్దాలు సవరించుకుని తెరవంక చూశారు. అంకెల జోలికే పోలేదు. "ఒరేయ్, వీటి రంగులేంటిరా? ఏది దేనిమీద నెగ్గుద్ది?" అని మనవణ్ణి అడిగారు.

మా వాడు ఎగిరి గంతేశాడు. "తాతయ్యా! అదే కరెక్ట్ క్వశ్చన్!"

గోదావరి జిల్లాలవారికి కుక్కుట శాస్త్రం గురించి చెప్పనక్కర్లేదు. నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ, ఇలా ఈక రంగునిబట్టి పుంజుకి పేరు. ఏ రోజు ఏ జామున ఏ రంగు పుంజు దేనిమీద నెగ్గుతుందో అందులో రాసి ఉంటుంది. మా నాన్నగారు పందెం కాసి ఎరగరు, చట్టం ఒప్పుకోని పని కూడాను. కాని ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ చూపు అబ్బుతుంది. పుంజు ఎంత బలిసిందన్నది రెండో ప్రశ్న. ఎదురుగా ఏది నిలబడిందన్నది మొదటి ప్రశ్న. కుక్కుట శాస్త్రం ఎంతవరకు నిజమో నాకు తెలియదు గాని, పోకెమాన్‌లో ఆ లెక్క మాత్రం అక్షరాలా నిజం.

ఇందులో రంగుల బదులు రకాలు. మొదట 15 ఉండేవి, ఇప్పుడు 18. నిప్పు, నీరు, గడ్డి, విద్యుత్తు, మంచు, డ్రాగన్, ఫెయిరీ వగైరా. నీటి దెబ్బ నిప్పు జీవికి రెండింతలు తగులుతుంది, గడ్డి జీవికి సగమే తగులుతుంది. కొన్ని దెబ్బలు కొన్ని రకాలకి అసలు తగలవు. ఒక జీవికి రెండు రకాలు కలిసి ఉండొచ్చు. రెండింటికీ ఒకటే బలహీనత ఉంటే దెబ్బ నాలుగింతలు.

నాన్నగారికి వాడు వచ్చీరాని తెలుగులో ఇదంతా చెప్పాడు. ఆయన నా జట్టు వంక చూశారు, నావంక చూశారు. "ఆరుగురూ హీరోలేనట్రా? మరి వంటెవరు చేస్తారు?" అన్నారు. నేను పట్టించుకోలేదు.

మూడు వంతుల్లో ముగిసిన యుద్ధం

నేను స్లేకింగ్‌నీ హైడ్రైగన్‌నీ దింపాను. వాడు పాచిరిసునీ, సిల్వియన్ అనే ఫెయిరీ జీవినీ దింపాడు. సిల్వియన్ మొత్తం 525. నా రెండు దెబ్బలూ సిల్వియన్ మీదకే గురిపెట్టాను. ఉడుత ఒక అడుగు ముందుకేసి 'ఫాలో మీ' అంది. అంటే 'నా వైపు రండి' అని. ఎదుటివాళ్ళు ఒక్కరిమీద గురిపెట్టిన దెబ్బలన్నిటినీ తనమీదకి తిప్పుకునే ఎత్తు అది. స్లేకింగ్ దెబ్బా హైడ్రైగన్ దెబ్బా ఉడుతకే తగిలాయి. చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు, దగ్గరున్న పండొకటి కొరికి, గీతంత ప్రాణంతో నిలబడింది. ఈలోగా ఒక్క దెబ్బైనా తినని సిల్వియన్ గొంతెత్తి అరిచింది. ఆ అరుపు నా ఇద్దరికీ తగిలింది. హైడ్రైగన్ అక్కడికక్కడే పడిపోయింది.

లెక్క తర్వాత వేసుకున్నాను. తన రకపు దెబ్బ తనే కొడితే 1.5 రెట్లు. హైడ్రైగన్ రెండు రకాలకీ, అంటే చీకటికీ డ్రాగన్‌కీ, ఫెయిరీ శత్రువే, అంచేత 4 రెట్లు. రెండూ గుణిస్తే 6. ఇద్దరికీ ఒకేసారి తగిలే దెబ్బ కనుక పావువంతు కోత. అయినా 4.5 రెట్లు. 600 మొత్తం ఉన్న జీవి ఒక్క అరుపుకి ఎందుకు పడిందో ఈ గుణకారంలో ఉంది. కూడికలో లేదు.

రెండో వంతు. హైడ్రైగన్ స్థానంలో గార్చాంప్‌ని దింపాను. స్లేకింగ్‌ని కొట్టమన్నాను. అది కొట్టలేదు. బద్ధకంగా పడుకుంది! దాని సహజగుణమే అదట. ఒక వంతు కొడితే మరుసటి వంతు ఊరికే ఉంటుంది. 670 అనే అంకె పట్టికలో ఉంది గాని, ఈ సంగతి ఆ పట్టికలో లేదు. ఉడుత మళ్ళీ 'నా వైపు రండి' అని గార్చాంప్ దెబ్బ తాను తిని సొమ్మసిల్లింది. సిల్వియన్ రెండో అరుపుకి స్లేకింగ్ పడిపోయింది, గార్చాంప్ ఒళ్ళు హూనమైంది.

మూడో వంతు. నావైపు సాలమెన్స్ వచ్చింది, వాడివైపు వీవైల్ అనే మంచు జీవి వచ్చింది. దాని వేగం 125. నావి 102, 100. మంచు దెబ్బ గార్చాంప్‌కి నాలుగింతలు, అయిపోయింది. మిగిలిన సాలమెన్స్‌తో కసికొద్దీ సిల్వియన్‌ని డ్రాగన్ దెబ్బ కొట్టించాను. దానిమీద ఏ ప్రభావమూ లేదని తెరమీద పడింది. డ్రాగన్ దెబ్బ ఫెయిరీకి అసలు తగలదు. సిల్వియన్ మూడోసారి అరిచింది. ఆట ముగిసింది. వాడి నాలుగో జీవి గ్యారడోస్ బరిలోకి దిగనే లేదు.

మేము దింపిన నాలుగేసి జీవుల మొత్తాలు కూడితే నావి 2470, వాడివి 1980.

నేనెక్కడ తప్పు చేశాను?

ఆ రాత్రి మా వాడు నా పట్టికని నా ముందే పెట్టుకుని, ఇంటికొచ్చిన ట్యూషన్ మాస్టారిలా వివరించాడు.

మొదటిది, జట్టు. నా ఆరింటిలో నాలుగు డ్రాగన్లు. టిరానిటార్‌తో కలిపి అయిదింటికి ఫెయిరీ అంటే పడదు. ఒకే స్తంభం మీద ఇల్లంతా నిలబెట్టానన్నమాట. నా ఉద్యోగంలో ఎవరైనా ఇలాంటి డిజైన్ తెస్తే నేనే వెనక్కి పంపిస్తాను. ఒక్కొక్క జీవినీ విడిగా చూసి మంచిదనుకున్నాను గాని, పక్కవాడి లోటు పూడుస్తుందా అని చూడలేదు.

రెండోది, వేగం. వేగంలో ఎంత ఎక్కువన్నది కాదు, ఎవరిని దాటిందన్నదే లెక్క. గార్చాంప్ వేగం 102, సాలమెన్స్ 100. రెండింటికీ పూర్తి తర్ఫీదిస్తే యాభయ్యో స్థాయిలో 169, 167 అవుతాయి. ఆ రెండంకెల తేడాతో ప్రతిసారీ గార్చాంపే ముందు కొడుతుంది. ఇంకో రెండొందలున్నా వచ్చే లాభం అంతే. ఇక 'ట్రిక్ రూమ్' అనే ఎత్తు వేస్తే అయిదు వంతులదాకా నెమ్మదైనదే ముందు కదులుతుంది. అప్పుడు తక్కువ అంకె వరమౌతుంది. ఒకే అంకె ఒకరోజు లోపం, మరోరోజు గుణం.

మూడోది, ఎత్తులు. బరిలోకి ఒక్కో జీవి నాలుగు ఎత్తులే తీసుకెళ్ళగలదు. 'థండర్' బలం 110, తగిలే అవకాశం నూటికి 70. 'థండర్‌బోల్ట్' బలం 90, నూటికి నూరూ తగులుతుంది. సగటు చూస్తే 77, 90. ఇంజనీరుకి ఇది సులువే. మరి 'ఫైర్ బ్లాస్ట్' చూడండి. బలం 110, అవకాశం 85, సగటు 93.5. 'ఫ్లేమ్‌త్రోయర్' 90, నూటికి నూరు. సగటులో మొదటిదే మెరుగు. కాని ఆఖరి వంతులో తగలాల్సిన ఆ ఒక్క దెబ్బా గురి తప్పితే సగటు వచ్చి కాపాడదు. అంచేత చేతిలో ఉన్న పరిస్థితినిబట్టి ఎంచుకోవాలంటాడు మా వాడు.

నాలుగోది, సహజగుణం. స్లేకింగ్ కథ చూశాం. దానికి పూర్తి వ్యతిరేకం షెడింజా అనే పాత జీవి. మొత్తం 236, ప్రాణశక్తి ఒకటంటే ఒకటి. చీమ కుట్టినా పడిపోవాలి. కాని దానికి బలహీనతగా ఉన్న రకాల దెబ్బలు తప్ప నేరుగా కొట్టే మరే దెబ్బా దానికి తగలదు. ఎదుటివాడి దగ్గర ఆ దెబ్బలు లేకపోతే అది కొండ. ఉంటే గాలికి ఎగిరే ఆకు. ఇసుక తుఫాను లేచినా దాని పని సరి. ఇక చాన్సీ. ప్రాణశక్తి 250, దాడి 5, రక్షణ 5. ఇంకా పూర్తిగా ఎదగని జీవి కూడాను. కాని ఎదగని జీవులకే పనికొచ్చే ఒక రాయి పట్టుకుంటే దాని రెండు రక్షణలూ ఒకటిన్నర రెట్లవుతాయి. అది ఎవర్నీ కొట్టి పడేయదు. ఎవరూ దాన్ని ఓ పట్టాన పడేయలేరు. నిలబడి ఎదుటివాణ్ణి అలసిపోయేట్టు చేయడమే దాని పని.

అయితే మొత్తానికి విలువే లేదా అని అడిగాను. "ఉంది నాన్నా. మ్యాజికార్ప్ టోటల్ 200, గ్యారడోస్ 540. ఆ డిఫరెన్స్ నిజమే. కాని టోటల్ చూశాక ఆలోచన ఆపేయకూడదు" అన్నాడు.

అంకె మారలేదు, లోకం మారింది

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. 2013 అక్టోబరులో వచ్చిన కొత్త ఆటల్లో ఫెయిరీ అనే రకాన్ని కొత్తగా చేర్చారు. అంతవరకు డ్రాగన్ దెబ్బకి తట్టుకోగలిగేవి ఉక్కు జీవులే. అవైనా సగం దెబ్బ తినేవి. ఫెయిరీ వచ్చాక డ్రాగన్ దెబ్బ తగలని జీవులు పుట్టుకొచ్చాయి. గార్చాంప్ అంకెల్లో ఒక్కటి కూడా మారలేదు. ముందురోజు 600, మర్నాడూ 600. కాని దాన్ని బరిలోకి దించేవాడి లెక్క మారిపోయింది. జీవి విలువ జీవిలోనే ఉంటుందనుకునే నాబోటివాళ్ళకి ఇది చెంపపెట్టు.

ఆ మరుసటి ఏడాది, 2014 ఆగస్టులో, ఈ ఆట ప్రపంచ పోటీలు ఇక్కడే వాషింగ్టన్ డీసీలో జరిగాయి. పెద్దల విభాగంలో దక్షిణ కొరియాకి చెందిన సేజున్ పార్క్ గెలిచాడు. అతని జట్టులో ఎవరున్నారనుకుంటున్నారు? ఇదే పాచిరిసు. అంతటి పోటీకి ఈ ఉడుతని ఎవరు తెస్తారని జనం ముక్కున వేలేసుకున్నారు.

అది తమాషాకి తెచ్చిన జీవి కాదు. అతని జట్టులో గ్యారడోస్ ఉంది. గ్యారడోస్ నీరూ గాలీ కలిసిన జీవి, పిడుగు దెబ్బ దానికి నాలుగింతలు. ఉడుతకేమో పిడుగు పడితే ప్రాణం తగ్గకపోగా పెరుగుతుంది. గ్యారడోస్ మీదకి వచ్చే పిడుగుని ఉడుత తనవైపు తిప్పుకుని తాగేస్తుంది. మరి దాడి 45తో ఏం కొడుతుందంటారా? దానికున్న 'సూపర్ ఫాంగ్' అనే కొరుకుడు ఎదుటి జీవికి మిగిలిన ప్రాణంలో సరిగ్గా సగం తీసేస్తుంది. కొరికేవాడి దాడి ఎంతన్నది అందులో లెక్కలోకే రాదు. ఇంకో ఎత్తుతో ఎదుటివాడికి పక్షవాతం తెప్పిస్తుంది. మొత్తానికి ఆ ఉడుత బలహీనమైన చోట దాని బలహీనతతో పని పడకుండా, బలమైన చోట దాని బలమే అక్కరకొచ్చేలా అల్లిన జట్టు అది. గెలుపు ఉడుతదీ కాదు, గ్యారడోస్‌దీ కాదు. ఆ అల్లికది.

నాన్నగారికి ఇది చెబితే ఆశ్చర్యపోలేదు. "వారధి కట్టినప్పుడు కూడా ఉడుత ఉందిగా" అన్నారు. మనం ఉడతా సాయం అంటే ఏదో మన శక్తికొద్దీ చేసిన చిన్నసాయం అనే అర్థంలోనే వాడుతున్నాం. రాళ్ళ మధ్య సందుల్లోకి పోయే ఇసుక కోతులు మోసే బండలతో పూడదు కదా అని నాకు ఆ రోజే తోచింది.

కారులో అడిగిన మాట

షరతు ప్రకారం నేను నోరెత్తలేదు. యంత్రం వాడి దగ్గరే ఉంది. ఇక్కడితో ఈ వ్యాసం ముగించొచ్చు. కాని ఒక మాట దాచుకుంటే సరికాదు.

ఆ తర్వాత వేసవిలో మనవాళ్ళ పిక్నిక్‌కి వెళ్ళాం. ఎప్పటిలాగే మగవాళ్ళం ఒక చెట్టుకింద చేరాం. ఎవరి అమ్మాయికి ఎస్ఏటీలో ఎంతొచ్చింది, ఎవరి అబ్బాయి జీపీఏ ఎంత, ఎవరికి ఎక్కడ సీటు వచ్చింది, ఇవే కబుర్లు. నేనూ మా అమ్మాయి మార్కులు చెప్పాను. ఎవరో "మరి మీ చిన్నవాడు?" అని అడిగితే, "వాడా... వాడికి ఆటలెక్కువ లెండి" అని నవ్వేశాను. వాడు నా వెనకే నిలబడి ఉన్నాడు, నేను చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. హైవే ఎక్కాక నెమ్మదిగా అడిగాడు. "నాన్నా, అంకుల్స్ అందరూ టోటల్‌తోనే ఎందుకు సార్ట్ చేస్తారు?"

నాకు జవాబు దొరకలేదు. ముందు సీట్లో కూర్చున్న నాన్నగారు కిటికీలోంచి చూస్తూ, "మీ నాన్నని కూడా నేను అలాగే చేశాన్రా. ఊళ్ళో నలుగురికీ వాడి ర్యాంకు చెప్పుకుని తిరిగేవాణ్ణి. వాడికి ఏ పనంటే ఇష్టమో ఒక్కరోజూ అడగలేదు" అన్నారు. ముప్పయ్యేళ్ళ తర్వాత, పరాయి దేశపు రోడ్డు మీద, ఆయన నోట ఆ మాట వింటానని నేననుకోలేదు.

ఇంటికొచ్చాక మా వాణ్ణి కూర్చోబెట్టి, ఆటలో తప్ప ఇంకెక్కడ నీకు ఇలా ఆలోచించడం ఇష్టమని అడిగాను. వాడు చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను, అది వాడి సొంత విషయం. అడగడానికి మాత్రం పన్నెండేళ్ళు పట్టింది నాకు.

నాన్నగారు భీమవరం తిరిగి వెళ్ళిపోయారు. ఆదివారం ఫోన్లో మొదట మనవడితోనే మాట్లాడతారు. "ఏరా, ఈ వారం ఏ రంగు మీద ఏది దింపావు?" అని అడుగుతారు. వాడు తెలుగులో చెప్పాలి కనుక మాటలు వెతుక్కుంటాడు. మొన్న వాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ట్రిక్ రూమ్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మీలో ఎవరికైనా మంచి మాట తోస్తే, ఈ సంక్రాంతి సంబరాల్లో కనిపించినప్పుడు వాడికి చెప్పండి.